మాల్దీవుల ఫ్యామిలీ ట్రిప్: ఎక్కడ ఏ చిక్కు వస్తుంది, ఎలా విప్పుకోవాలి

లండన్ నుంచో డాలస్ నుంచో పిల్లలతో ఒక జట్టు, హైదరాబాద్ నుంచి అమ్మమ్మ తాతయ్యలు ఇంకో జట్టు. అందరూ మాల్దీవుల్లో కలిసి వారం గడపాలి. ఇది చక్కగా జరిగే ప్రయాణమే. ఇందులో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఒక్క చోటే పుడతాయి: ముందు చౌకగా దొరికిన విమానం టికెట్ కొనేసి, రిసార్ట్‌ను తర్వాత వెతుక్కోవడం. వరస తిరగేయండి. ముందు దీవి, తర్వాత ఆ దీవికి తీసుకెళ్లే పడవో, నీళ్ల మీద దిగే సీప్లేనో, ఆ తర్వాతే పెద్ద విమానం. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకు, అందరికన్నా చిన్నవాళ్లకు ఏది కుదురుతుందో అదే కొలత కావాలి.

సమస్య: సాయంత్రం రాజధాని మాలేలో దిగితే, రిసార్ట్ వాళ్లు "రేపు పొద్దున తీసుకెళ్తాం" అంటున్నారు

సీప్లేన్లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి. అవి నీళ్ల మీద దిగాలి, పైలట్ కంటితో చూసుకుంటూ నడపాలి. అందుకే సాధారణంగా మధ్యాహ్నం 3:30 లోపు మాలే దగ్గరి వెలానా విమానాశ్రయంలో దిగినవాళ్లకే ఆ రోజు సీప్లేన్ దొరుకుతుంది. ఆ తర్వాత దిగితే రిసార్ట్‌లో మొదటి రాత్రికి కట్టిన డబ్బు వృథా, పైగా మాలేలో హోటల్ ఖర్చు.

దీనికి దారులు మూడు. మొదటిది, ఉదయం దిగే విమానం చూసుకోవడం. రెండోది, సాయంత్రమే దిగక తప్పకపోతే స్పీడ్‌బోట్ చేరగల దీవిని ఎంచుకోవడం. మాలేకు దగ్గరి ఉత్తర, దక్షిణ మాలే అటోల్స్‌లోని (అటోల్ అంటే వలయంలా ఉండే పగడపు దీవుల గుంపు) చాలా రిసార్ట్‌లకు రాత్రి కూడా పడవలు నడుస్తాయి. దూరపు అటోల్స్‌కైతే దేశీయ విమానం, అక్కడి నుంచి పడవ అనే ఏర్పాటు ఉంటుంది. ఈ దేశీయ విమానాలు చీకటి పడ్డాక కూడా నడుస్తాయి.

మూడోది నాకు అన్నిటికన్నా నచ్చే పద్ధతి, ముఖ్యంగా రెండు దేశాల నుంచి రెండు జట్లు వస్తున్నప్పుడు. మొదటి రాత్రి విమానాశ్రయం పక్కనున్న హుల్హుమాలే దీవిలో పడుకోండి. అక్కడికి రోడ్డు మీదే వెళ్లొచ్చు, కారులో కొద్ది నిమిషాల దూరం. రిసార్ట్‌తో పోలిస్తే గది చాలా చౌక. ముందు వచ్చినవాళ్లు విశ్రాంతి తీసుకుంటారు, తర్వాత వచ్చినవాళ్లు వచ్చి కలుస్తారు, పొద్దున అందరూ ఒకే సీప్లేన్‌లో వెళ్తారు. పదిహేను గంటలకు పైగా ప్రయాణం చేసి వచ్చిన పిల్లల్ని మళ్లీ వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టే బాధ ఉండదు.

తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క. మాలే నుంచి విమానం తెల్లవారుజామునో పొద్దున్నే తొందరగానో ఉంటే ముందు రోజే దీవి వదలాల్సి వస్తుంది. టికెట్ కొనేముందే రిసార్ట్‌కు మీ రెండు విమానాల సమయాలూ రాసి, "ఈ వేళలకు ట్రాన్స్‌ఫర్ ఉందా?" అని మెయిల్‌లో జవాబు తీసుకోండి.

సమస్య: తాతయ్యకు మోకాళ్ల నొప్పి, సీప్లేన్ ఎక్కడం కష్టమైంది

అక్కడ ఎక్కువగా తిరిగే ట్విన్ ఆటర్ రకం సీప్లేన్‌కు సన్నటి చిన్న నిచ్చెన ఉంటుంది. నీళ్ల మీద ఊగే ఫ్లోట్ (విమానాన్ని తేల్చే తెప్పలాంటి భాగం) నుంచి ఎక్కాలి, లోపల వంగి నడవాలి. ఏసీ ఉండదు, మోత ఎక్కువ. చక్రాల కుర్చీ లోపలికి పోదు. ఇవన్నీ ఫోటోల్లో కనబడవు.

స్పీడ్‌బోట్ సుఖంగా ఉంటుందనుకుంటే అదీ అన్ని రోజులూ నిజం కాదు. గాలి ఉన్న రోజు అలల మీద ఎగిరెగిరి పడుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లకు, గర్భిణులకు అది మంచిది కాదు. పెద్దవాళ్లు వస్తుంటే విమానాశ్రయం నుంచి పావుగంట, అరగంటలో చేరే దీవి తీసుకోండి. పడవలో ముందు సీట్లు వదిలేసి వెనక కూర్చోబెట్టండి, కుదుపు అక్కడ తక్కువ. వాంతులయ్యే అలవాటు ఉంటే మాత్రను ఎక్కేముందే, డాక్టర్ చెప్పిన మోతాదులో వేసుకోవాలి.

సామాను సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద విమానంలో ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు తెచ్చుకున్నా, సీప్లేన్‌లో మామూలుగా ఉచితం 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు. మిగతాదానికి కిలో లెక్కన కట్టాలి. దీవిలో చెప్పులు, కాటన్ బట్టలు, ఈత దుస్తులు ఉంటే చాలు.

సమస్య: సైట్‌లో చూసిన ధర వేరు, చివరి బిల్లు వేరు

ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద పర్యాటక జీఎస్టీ పడతాయి. ఆ జీఎస్టీ 2025 జులై 1 నుంచి 17 శాతం అయింది. అంటే రాత్రికి 400 డాలర్ల విల్లా మొదట 440, తర్వాత 514.80 డాలర్లు అవుతుంది. దీనికి తోడు గ్రీన్ ట్యాక్స్: 2025 జనవరి నుంచి రిసార్ట్‌లలో మనిషికి రాత్రికి 12 డాలర్లు. నలుగురికి 48. కాబట్టి 400 అనుకున్న రాత్రి నిజానికి 562.80.

సీప్లేన్ చార్జీ తలకు కొన్ని వందల డాలర్లు ఉంటుంది, అదీ చాలాసార్లు గది ధరలో కలవదు. హాఫ్ బోర్డ్ తీసుకుంటే పొద్దున టిఫిన్, రాత్రి భోజనం గది ధరలోనే వస్తాయి గానీ, పక్కన పెట్టే నీళ్ల బాటిల్‌కు విడిగా రాయడం మామూలే. పిల్లలున్న ఇంటికి మూడు పూటలా భోజనం కలిసిన ఫుల్ బోర్డ్ నయం. దీవిలో బయట ఇంకో హోటల్ ఉండదు కదా, మధ్యాహ్నం ఆకలేస్తే ఉన్న మెనూ ధరకే తినాలి. రెండు రిసార్ట్‌లను పోల్చేటప్పుడు గది ధర చూడకండి. "నలుగురికి, అయిదు రాత్రులకు, పన్నులు, ట్రాన్స్‌ఫర్, భోజనం అన్నీ కలిపి ఎంత?" అని ఒకే అంకె అడగండి.

సమస్య: ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగ్ ఆపేశారు

మద్యం, పంది మాంసం, పూజకు వాడే విగ్రహాలు లోపలికి తీసుకెళ్లకూడదు. 2024 నవంబర్ నుంచి వేప్‌లూ (ఈ-సిగరెట్లు) నిషేధం. దారిలో డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాను కస్టమ్స్ వాళ్లు తీసుకుంటే రసీదు అడిగి ఉంచుకోండి, తిరిగి వెళ్లేటప్పుడు ఇస్తారు. చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహాన్ని పెట్టెలో పెట్టుకోవడం మన పెద్దవాళ్లకు అలవాటు. అక్కడి చట్టం అది, దాని మీద వాదించి లాభం లేదు. విగ్రహం ఇంట్లోనే ఉంచి, ఫోన్‌లో ఫోటో పెట్టివ్వండి. ఈ మాట బయల్దేరే రోజు కాదు, ముందుగానే నెమ్మదిగా చెప్పండి, వాళ్ల మనసు నొచ్చుకోదు.

ఇమూగా అనే ప్రయాణికుల ఫారం విమానానికి ముందు 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే సైట్ ఏదైనా వదిలేయండి. పిల్లల భారత పాస్‌పోర్ట్ అయిదేళ్లకే ముగుస్తుందని గుర్తుంచుకుని, టికెట్లకు ముందే తేదీ చూసుకోండి.

సమస్య: అమ్మమ్మ శాకాహారి, తిన్న కూరలో చేప వాసన

మాల్దీవుల వంటకు మూలం ట్యూనా. పొద్దున టిఫిన్‌లో ఉండే మాస్ హునీ కొబ్బరి కోరులా కనిపిస్తుంది, అందులో చేప ఉంటుంది. శ్రీలంక పద్ధతిలో చేసే కొబ్బరి సంబోల్ అనే పచ్చడిలో కూడా ఎండబెట్టిన చేప పొడి వేస్తారు. కాబట్టి "వెజిటేరియన్" అని ఒక్క మాట చెబితే సరిపోదు. "చేప, చేప పొడి, గుడ్డు, మాంసం రసం ఏవీ వద్దు. పాలు, పెరుగు తింటారు" అని బుకింగ్ మెయిల్‌లోనే రాయండి. దిగిన రోజు వంటగది పెద్దను కలవండి. చాలా దీవుల్లో భారతీయ వంటవాళ్లు ఉంటారు. పప్పు, అన్నం, పెరుగు అడిగితే సంతోషంగా చేసిపెడతారు. కంది పొడి, పచ్చడి ప్యాకెట్లు తెచ్చుకుంటే పెద్ద పెట్టెలోనే పెట్టండి, చేతి సంచిలో నూనె పచ్చడి సెక్యూరిటీ దాటదు.

సమస్య: వెళ్లిన వారమంతా వాన

డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి రుతుపవనం. బ్రిటన్, అమెరికా స్కూళ్ల పెద్ద సెలవులు సరిగ్గా వాన కాలంలో పడతాయి. అయినా ఆగస్టును కొట్టిపారేయనక్కర్లేదు. ధరలు తక్కువ, వాన ఎక్కువగా జల్లులుగా వచ్చి పోతుంది. బా అటోల్‌లోని హనీఫారు బేలో మాంటా రేలనే పెద్ద చేపలు గుంపులుగా వచ్చే కాలం కూడా అదే. గాలికి ఎదురుగా ఉన్న వైపు గది వద్దని మాత్రం అడగండి.

సమస్య: పిల్లలు వేళకాని వేళ మేలుకుంటున్నారు, సీప్లేన్ టైమ్ తప్పింది

మాలే లండన్ కన్నా చలికాలంలో 5 గంటలు, డాలస్ కన్నా 11 గంటలు ముందు. లండన్ పిల్లలు రాత్రి నిద్రపోరు, పొద్దున లేవరు. అమెరికా నుంచి వచ్చినవాళ్లకు పగలు రాత్రి తలకిందులు. మొదటి రెండు రోజులు పడవ విహారాలు పెట్టకండి. పొద్దున వెలుతురులో ఇసుక మీద ఆడించండి, మధ్యాహ్నం నిద్ర గంట దాటనివ్వకండి. దీనికి తోడు చాలా రిసార్ట్‌లు గడియారాన్ని మాలే కన్నా ఒక గంట ముందు పెట్టుకుంటాయి. సీప్లేన్ వేళ ఏ సమయంలో చెప్పారో ప్రతిసారీ అడగండి.

సమస్య: వాటర్ విల్లాలో పిల్లలతో టెన్షన్

వాటర్ విల్లా అంటే సముద్రం మీద స్తంభాలపై కట్టిన గది. దాని డెక్ (బయటి చెక్క అరుగు) చుట్టూ చాలాచోట్ల కటకటాలు ఉండవు, మెట్లు నేరుగా సముద్రంలోకి. కొన్ని రిసార్ట్‌లు చిన్నపిల్లల్ని అక్కడికి అనుమతించవు కూడా. ఈత రాని పిల్లలుంటే బీచ్ విల్లాయే తీసుకోండి, వాటర్ విల్లా సరదాకు చివరి ఒక్క రాత్రి కూడా వద్దు. పడవ ఎక్కినా, స్నార్కెలింగ్‌కు (మాస్క్ పెట్టుకుని నీటి పైన తేలుతూ చేపల్ని చూడటానికి) వెళ్లినా లైఫ్ జాకెట్ ఉండాలి. దీవి చుట్టూ లోతు తక్కువగా ఉండే లగూన్ ప్రశాంతంగా ఉన్నా, బయటి సముద్రంలోకి తెరుచుకునే కాలువల దగ్గర ప్రవాహం బలంగా లాగుతుంది. ఎక్కడి దాకా వెళ్లొచ్చో డైవ్ సెంటర్ వాళ్లను పిల్లల ముందే అడగండి.

పగడాల మీద కాలు పెట్టనివ్వకండి. గీరుకుంటే పుండు మానడానికి రోజులు పడుతుంది, పగడమూ చచ్చిపోతుంది. 1998లో, 2016లో వేడెక్కిన నీళ్లకు అక్కడి పగడాలు తెల్లబడి చాలా దెబ్బతిన్నాయి. చేపలు చూడాలన్న ఆశతో వెళ్తుంటే, ఒడ్డు నుంచే ఈదుకుంటూ చేరగల పగడపు దిబ్బ ఉందా, ఇప్పుడు ఎలా ఉందని ఇటీవలి ఫోటోలతో సహా అడగండి. ఇసుక లగూన్ ఉన్న దీవి చిన్నపిల్లల ఈతకు మేలు, చేపలు మాత్రం దూరంగా ఉంటాయి. ఆ రెంటిలో మీ ఇంటికి ఏది కావాలో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.