పక్షవాతం – మొదటి గంట: 3వ పాఠం – టైము ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

రెండో పాఠం చదివి సాధన చేసి పంపినవాళ్ళలో ఎక్కువమందికి పక్షవాతాన్ని గుర్తుపట్టడానికి మూతి, చెయ్యి, మాట చూడటం వచ్చేసింది. ఒక్క సవరణ. చేతులు ముందుకు చాచమన్నప్పుడు కళ్ళు మూసుకోమనాలి. కళ్ళు తెరిచి ఉంటే జారుతున్న చేతిని మనిషి చూసుకుని మళ్ళీ పైకి లేపేస్తాడు, మనకి తేడా తెలియదు. పది సెకన్లు ఆగి చూడండి.

ఈసారి బీపీ మాత్రల గురించి రాద్దామనుకున్నాను. కానీ పోయినసారి ఇచ్చిన ప్రశ్నకి మీ జవాబులు చూశాక అది వాయిదా వేస్తున్నాను. ప్రశ్న ఇదీ: రాత్రి 10కి బాగానే పడుకున్న మావయ్యగారు ఉదయం 6కి లేచేసరికి కుడిచెయ్యి ఆడటం లేదు. ఆసుపత్రిలో ఏ టైము చెప్తారు? ఒడిశాలోని బరంపురం నుంచి, రాయగడ నుంచి, కాశీనగర్ నుంచి వచ్చిన జవాబుల్లో ఎక్కువ శాతం "ఉదయం 6" అనే ఉన్నాయి. గుణుపురం నుంచి ఒకావిడ ఇంకో అడుగు ముందుకేసి ఇలా అడిగారు: "నాలుగున్నర గంటల లోపైతేనే ఇంజెక్షన్ ఇస్తారని రాశారు కదా, ఇప్పుడే వచ్చిందని చెప్పేస్తే పోలేదా?"

ఆవిడని తప్పుపట్టను. నాలుగున్నర అనే అంకె ఇచ్చి, దాని వెనక ఉన్న కారణం చెప్పకుండా వదిలేశాను. అందుకే ఈ పాఠమంతా టైము గురించే.

ఆసుపత్రికి కావలసింది "ఎప్పుడు చూశారు" కాదు. "ఎప్పుడు మొదలైంది" అన్నది కూడా చాలాసార్లు ఎవరూ చెప్పలేరు. వాళ్ళకి కావలసింది, మనిషి పూర్తిగా బాగా ఉండగా చివరిసారి ఎవరైనా చూసిన టైము. గడియారం అక్కడి నుంచి నడుస్తుంది. మావయ్యగారి విషయంలో సరైన జవాబు రాత్రి 10. నిద్రలో 11కే వచ్చిందో, 5కి వచ్చిందో మనకి తెలియదు. తెలియనప్పుడు వెనక్కి వెళ్ళి, తెలిసిన చోట నిలబడాలి.

"ఇప్పుడే వచ్చింది" అని చెప్తే ఏమవుతుందంటే, ఆ ఇంజెక్షన్ రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డని కరిగిస్తుంది. రక్తం అందక చాలాసేపు గడిస్తే మెదడుతో పాటు ఆ భాగంలోని రక్తనాళాల గోడలు కూడా దెబ్బతింటాయి. అప్పుడు దారి తెరిస్తే, వచ్చే రక్తం మెదడులోకే కారిపోవచ్చు. 1995లో అమెరికాలో వచ్చిన పరిశోధనలో ఈ మందుని 3 గంటల లోపే ఇచ్చారు. అంత జాగ్రత్తగా ఇచ్చినా 6.4 శాతం మందికి మెదడులో రక్తస్రావమై పరిస్థితి విషమించింది. మందు ఇవ్వనివాళ్ళలో అది 0.6 శాతం. అయినా మొత్తం మీద లాభమే ఎక్కువ కాబట్టి మందు నిలబడింది. 2008లో యూరప్ పరిశోధన ఆ గడువుని నాలుగున్నర గంటలకి పెంచింది. అంటే ఆ గీత ఆసుపత్రివాళ్ళు పెట్టిన రూలు కాదు. అబద్ధం చెప్పి దాన్ని దాటిస్తే, ఆ రిస్కు పడేది మంచం మీద ఉన్న మనిషి మీద.

ఇంకో మాట. నిజం చెప్తే దారి మూసుకుపోతుందన్న భయం ఒకప్పుడు కొంతవరకు నిజమే. ఇప్పుడు కాదు. 2018లో వచ్చిన ఒక యూరప్ పరిశోధన సరిగ్గా మన మావయ్యగారి లాంటివాళ్ళ మీదే జరిగింది. నిద్రలేచేసరికి పక్షవాతం వచ్చి ఉన్నవాళ్ళు, టైము తెలియనివాళ్ళు. వాళ్ళకి ఎంఆర్ఐలో రెండు రకాల బొమ్మలు తీశారు. మొదటి రకంలో దెబ్బ కొన్ని నిమిషాల్లోనే కనపడుతుంది. రెండో రకంలో కనపడటానికి గంటలు పడుతుంది. వానకి గోడ తడిస్తే చెయ్యి పెట్టగానే తెలుస్తుంది, కంటికి మరక కనపడేది తర్వాతే. అలాగన్నమాట. మొదటి బొమ్మలో ఉండి రెండో దాంట్లో లేదంటే, వచ్చి ఎక్కువసేపు కాలేదని అర్థం. అలాంటివాళ్ళకి ఇంజెక్షన్ ఇస్తే 53 శాతం మంది బాగా కోలుకున్నారు, ఇవ్వనివాళ్ళలో 42 శాతం. 

పెద్ద నాళం మూసుకుపోయినవాళ్ళకి తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డని బయటకి లాగేస్తారు. అదే 2018లో అచ్చయిన మరో పరిశోధనలో 6 నుంచి 24 గంటల మధ్య ఈ పని చేశారు. స్కాన్‌లో ఇంకా కాపాడగలిగిన మెదడు మిగిలి ఉందని తేలినవాళ్ళకే చేశారు. మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్ళు 49 శాతం, మామూలు వైద్యం అందినవాళ్ళలో 13 శాతం. ఆ 24 గంటలు కూడా "చివరిసారి బాగా ఉన్న టైము" నుంచే లెక్కపెట్టారు. ఈ సౌకర్యాలు ప్రతి ఊళ్ళో లేవు, అది నాకూ తెలుసు. ఉన్న ఊరికి పంపాలా వద్దా అని డాక్టరు ఆలోచించేది మాత్రం మీరు చెప్పిన టైము పట్టుకునే.

ఇప్పుడు అసలు నేర్చుకోవలసింది. "రాత్రి 10" అని చెప్పి ఆగిపోకండి. దాన్ని నిజాయితీగా ఎంత ముందుకి జరపగలరో చూడండి.

2016లో మా నాన్నగారికి పర్లాకిమిడిలో ఇలాగే అయింది. ఉదయం 6:30కి నేను లేపితే మాట ముద్దగా ఉంది, ఎడమచెయ్యి జారిపోతోంది. ఏడున్నరకి ఆసుపత్రిలో ఉన్నాం. ఎప్పుడు బాగున్నారని అడిగితే, "రాత్రి 10కి పడుకున్నారు" అని చెప్పాను. తొమ్మిదిన్నర గంటలు దాటాయని ఇంజెక్షన్ ఇవ్వలేదు. నేను చెప్పిన టైముకి వాళ్ళు చేసింది సరైనదే. మూడోరోజు అమ్మ మంచం పక్కన కూర్చుని మాటల్లో అంది: "కుళాయి వస్తుందని నాలుగింటికి లేచి రెండు చేతులా రెండు బకెట్లు వంటింట్లో పెట్టి మళ్ళీ పడుకున్నారు." రెండు చేతులా, నిండు బకెట్లు. నాలుగింటికి ఆయన బాగున్నారు. అప్పటికి మూడున్నర గంటలే అయింది. అమ్మ ఆ రోజు వరండాలోనే కూర్చుని ఉంది. ఆమెని నేను అడగలేదు.

అందుకే 108 వచ్చేలోగా ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: "రాత్రి మధ్యలో లేచారా? మాట్లాడారా? నడిచారా?" పక్కన పడుకున్నవాళ్ళని మొదట అడగండి. ఫోన్‌లో చివరి కాల్ చూడండి, అవతలివాళ్ళకి ఫోన్ చేసి మాట స్పష్టంగా ఉందా అని అడగండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఉంటే ఇంకా మంచిది, మాట ఎలా ఉందో మీరే వినొచ్చు. పాలవాడు, గేటు తాళం, గొళ్ళెం, పూజగదిలో దీపం, సగం తాగిన టీ గ్లాసు. దీపం వెలిగి ఉంటే ఎవరు వెలిగించారో కనుక్కోండి. కానీ కూర్చుని ఉండగా దూరం నుంచి చూడటం లెక్కలోకి రాదు. మాట్లాడి ఉండాలి, లేదా చెయ్యీ కాలూ వాడుతుండగా చూసి ఉండాలి.

దొరికిన టైముని బాల్‌పెన్నుతో మీ అరచేతి వెనక రాసుకోండి. కాగితం మీద రాస్తే హడావిడిలో పోతుంది. నేను ఎప్పుడూ చేతి మీదే రాస్తాను. తేదీ కూడా వెయ్యాలి, ఎందుకంటే మనవాళ్ళు "నిన్న రాత్రి ఒంటిగంట" అంటారు. మనకి తెల్లారేదాకా నిన్నే. డాక్టరుకి అది ఈరోజు తేదీ. ఒక్క మాటతో 24 గంటలు తేడా వచ్చేస్తుంది.

ఆసుపత్రిలో వివరాలు రాసుకునేవాళ్ళు ఒడియాలో అడిగితే కంగారు పడకండి. "శేష థర కేతెబేళె భల థిలే?" అంటే చివరిసారి ఎప్పుడు బాగున్నారు అని. జవాబు: "రాతి దశటా పర్జ్యంత భల థిలే, సకాళ ఛఅటారే దేఖిలు." రాత్రి పదింటిదాకా బాగున్నారు, ఉదయం ఆరింటికి చూశాం. రెండు టైములూ ఇలా విడివిడిగా చెప్పండి.

మరో రెండు విషయాలు. గడ్డని కరిగించే కొత్త ఇంజెక్షన్, ఒకే డోసుగా ఇచ్చే టెనెక్టెప్లేజ్, పాత మందుకి తీసిపోదని 2022లో కెనడా పరిశోధన చూపించింది. 2025లో అమెరికా ఔషధ సంస్థ దాన్ని పక్షవాతానికి అనుమతించింది. పాత మందు గంటసేపు ఎక్కించాలి, ఇది కొన్ని సెకన్ల పని కాబట్టి చిన్న ఊళ్ళకి మేలు. ఇక నోట్లో మాత్ర, కాఫీ, నీళ్ళు ఏవీ వద్దు. పావురం రక్తం పూస్తామనేవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ షీటు వెంట తీసుకెళ్ళండి.

సాధన ఈసారి కష్టమైనదే. వారం రోజులు, మీ ఇంట్లో అరవై దాటినవాళ్ళు ప్రతి ఒక్కరి విషయంలో, ఉదయం లేవగానే ఇది రాయండి: నిన్న పడుకున్నాక, ఈరోజు లేచేలోగా, వాళ్ళు చివరిసారి బాగున్నట్టు మీ దగ్గర ఉన్న సాక్ష్యం ఏ టైముది, ఎవరు చెప్పారు. మూడోరోజుకి మీ ఇంట్లో రాత్రిళ్ళు ఎవరు ఎప్పుడు లేస్తారో మీకే తెలుస్తుంది.

ఇక ప్రశ్న. రాయగడలో ఒక నాయనమ్మ. 12వ తేదీ మంగళవారం రాత్రి 9:30కి భోంచేశారు. ఆ రాత్రి 12:40కి సూరత్‌లో ఉన్న మనవడు ఫోన్ చేస్తే అయిదు నిమిషాలు మాట్లాడారు. తెల్లవారి 5:15కి అరుగు మీద కూర్చుని ఉండగా పక్కింటావిడ వెనక నుంచి పలకరించింది, నాయనమ్మ పలకలేదు. 6:10కి కోడలు చూసేసరికి మూతి వంకర. ఏ టైము చెప్తారు, ఏ తేదీ వేస్తారు? ఆ టైము ఖాయం చేసుకోవడానికి ఎవరికి ఫోన్ చేసి ఏం అడుగుతారు? జవాబు రెండు లైన్లకి మించకూడదు, టైముతో పాటు తేదీ ఉండాలి.