బండి ఆగాక ఫ్రిజ్ బ్యాటరీని తినేయకుండా

కళింగపట్నం బీచ్ దగ్గర రాత్రికి క్యాంపర్ వ్యాన్ ఆపితే, తెల్లారేసరికి లైట్లు మినుకుమంటున్నాయా? ముందు ఫ్రిజ్‌నే అనుమానించండి. గ్యాస్, ఇంటి కరెంటు, 12 వోల్టులు మూడింటి మీదా నడిచే రకమైతే లోపల ఉండేది హీటర్, ఆ వేడితోనే ఫ్రిజ్ చల్లబడుతుంది. దాదాపు 10 ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది. 100 ఏహెచ్ (ఆంపియర్-గంటల) లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి కాబట్టి అయిదు గంటల్లో కథ కంచికే.

ఈ రకానికి ఇంజన్ తిరుగుతున్నప్పుడే 12 వోల్టులు అందాలి. ఆ కాపలా రిలేది, అంటే ఇంజన్ ఆగగానే కరెంటు తెంచేసే ఆటోమేటిక్ స్విచ్‌ది. "ఎందుకండీ రిలే, డైరెక్టుగా ఇచ్చేద్దాం" అనే ఎలక్ట్రీషియన్‌కి నేనైతే దండం పెట్టి వచ్చేస్తాను. ఇంజన్ ఆపి, ఫ్రిజ్ వెనక 12 వోల్టుల హీటర్ టెర్మినళ్ల మీద మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టండి. సున్నా రావాలి. 12 చూపిస్తే రిలే అతుక్కుపోయి ఉండొచ్చు, లేదా ఎవరో దాన్ని తప్పించి వైరు కలిపేసి ఉంటారు.

ఆగాక గ్యాస్ మీదకు మార్చండి. బండి సమంగా నిలబడాలి, ఫ్రిజ్‌కి గాలాడే బయటి గ్రిల్ మూయకూడదు. బయల్దేరే ముందు గ్యాస్ కట్టేయండి.

కంప్రెసర్ ఫ్రిజ్ అంత తినదు గానీ మన వేసవి ఉక్కలో ఆగకుండా తిరుగుతుంది. బ్యాటరీ వోల్టేజీ పడిపోతే ఫ్రిజ్‌ను ఆపేసే కటాఫ్ సెట్టింగును 'హై'లో పెట్టి, సరుగుడు తోట నీడ గ్రిల్ వైపు పడేలా ఆపండి. ముందురోజే ఇంటి కరెంటు మీద చల్లబరచండి. చేపలంటారా, వాటికి ఐసు వేసిన థర్మాకోల్ పెట్టే మేలు.