బడిలో వాల్‌బాల్ నేర్పడం, 4వ పాఠం: రెండో చెయ్యి

వాల్‌బాల్ అంటే రాకెట్ లేకుండా బంతిని అరచేత్తో గోడకు కొట్టి, తిరిగొచ్చినదాన్ని ఇద్దరూ వంతులవారీగా కొట్టే ఆట. మూడో పాఠం దాకా గోడ వెతుక్కున్నాం, సుద్దతో గీతలు గీసుకున్నాం, సర్వీస్ నేర్పాం. ఈపాటికి మీ పిల్లలు కుడిచేత్తో నాలుగైదు బంతులు ఆగకుండా కొడుతూ ఉండాలి. ఇంకా రాకపోతే మరో వారం అక్కడే ఉండండి, తొందరేం లేదు.

ఈ పాఠం ఎడమ చేతి గురించి. (ఎడమచేతివాటం పిల్లలకు ఇందులో కుడి, ఎడమలను తిరగేసి చెప్పుకోండి.)

బ్యాడ్మింటన్‌లోనో టెన్నిస్‌లోనో బంతి ఎడమవైపు వస్తే రాకెట్ తిప్పి బ్యాక్‌హ్యాండ్ కొట్టేస్తాం. చేత్తో ఆడే ఆటలో ఆ సౌకర్యం లేదు. అరచేతి వెనకవైపుతో కొడితే బంతి మీద అదుపు ఉండదు. కాబట్టి ఎడమవైపు వచ్చిన బంతికి ఎడమ చెయ్యే దిక్కు. ఐర్లండ్ హ్యాండ్‌బాల్ అయినా, ఇంగ్లండ్ ఫైవ్స్ అయినా, న్యూయార్క్ పార్కుల్లో ఒకే గోడతో ఆడే ఒంటిగోడ ఆట అయినా (అన్నీ చేత్తో గోడకు బంతి కొట్టే ఆటలే) ఇది మారదు.

పిల్లలు మాత్రం దీన్ని తప్పించుకోవడానికి ఒక దారి కనిపెడతారు. బంతి ఎడమకు వస్తోందనగానే ఇంకా ఎడమకు పరిగెత్తి, దాన్ని కుడిచేతికి తెచ్చుకుంటారు. ఒక పాయింటును మొదటినుంచి చివరిదాకా గమనించండి. కోర్టు వెడల్పు 20 అడుగులే. ఎడమ గీత దగ్గరికి వచ్చిన బంతిని కుడిచేత్తో కొట్టాలంటే ఆ పిల్లవాడు గీత దాటి బయట నిలబడాలి. కొట్టడం బాగానే కొడతాడు, చూసేవాళ్లు చప్పట్లు కూడా కొడతారు. కానీ కోర్టు మొత్తం ఖాళీ. అవతలివాడు బంతిని కుడిమూలకు మెల్లగా తోస్తే చాలు, పాయింటు పోయినట్టే. ఇలా రెండుసార్లు జరిగాక ఆట ఆపి, వాడు నిలబడ్డ చోట సుద్దతో ఒక గుర్తు పెట్టి, అక్కడినుంచి కుడి గీత ఎంత దూరమో వాణ్నే నడిచి చూడమనండి. మీరు పది నిమిషాలు చెప్పేది ఆ నడకలో అర్థమవుతుంది.

ఇక నేర్పే పద్ధతి. మొదట బంతిని కొట్టించకండి, విసరనివ్వండి. ఎడమచేత్తో గోడకు విసరడం, ఒక బౌన్స్ తర్వాత ఎడమచేత్తోనే పట్టుకోవడం, అంతే. చాలామంది పిల్లలు ఎడమచేత్తో బంతి విసిరి ఎరుగరు. భుజం కదలదు, మోచెయ్యి ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది, బంతి గోడదాకా పోదు. నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. చెయ్యి నడుం ఎత్తులో, పక్కనుంచి రావాలి. నీళ్ల మీద పెంకు జారేలా విసిరినప్పుడు చెయ్యి ఎలా తిరుగుతుందో అలాగే. ఆ కదలిక కుదిరాక అదే చేతితో కొట్టమంటే కొట్టేస్తారు. విసరడం రానిదే కొట్టమంటే మాత్రం బంతిని చరుస్తారు.

చేతి ఆకారం కూడా చూడాలి. వేళ్లు దగ్గరగా, అరచెయ్యి కాస్త దొప్పలా. బంతి తగలాల్సింది అరచేతి నడుమ కాదు, వేళ్ల మొదళ్ల దగ్గర. అక్కడినుంచి అది వేళ్ల మీదుగా వెళ్లిపోవాలి. 'ఫట్' అని చప్పుడు వచ్చిందంటే అరచేతికి తగిలినట్టే. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ నొప్పి ఉంటుంది, నొప్పి ఉంటే రేపు ఆ పిల్ల రాదు. అందుకే మొదటి నెలలు మెత్తటి, పెద్ద, లోపల బోలుగా ఉండే రబ్బరు బంతే వాడాలని రెండో పాఠంలో పట్టుబట్టాను. అమెరికన్ హ్యాండ్‌బాల్‌లో వాడే గట్టి చిన్న బంతి రెండు అంగుళాల వ్యాసం కూడా ఉండదు, చేతికి రాయిలా తగులుతుంది. పెద్ద ఆటగాళ్లే దానికి గ్లవ్స్ వేసుకుంటారు, ఆటకు ముందు చేతులు వేడినీళ్లలో నానబెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పిల్లల దగ్గరికి దాన్ని తేవద్దు.

కాళ్ల సంగతి చాలామంది కోచ్‌లు వదిలేస్తారు, నాకు మాత్రం చేతి కంటే ఇదే ముఖ్యం. ఎడమచేత్తో కొట్టేటప్పుడు కుడిభుజం గోడవైపు ఉండాలి, కుడికాలు ముందుకు పడాలి. పిల్లలు ఛాతీ గోడకు ఎదురుగా పెట్టి, చెయ్యి ఒక్కటే ఆడిస్తారు. అప్పుడు బలమంతా మోచేతినుంచే రావాలి, రాదు. నేల మీద రెండు పాదాల గుర్తులు గీయండి, ఎడమ పాదం వెనక, కుడి పాదం ముందు. బంతిని మీరే వాళ్ల ఎడమవైపుకు మెల్లగా వేయండి. బంతి వచ్చేలోపు పాదాలు గుర్తుల మీదికి చేరాయా లేదా అన్నదే చూడండి. బంతి ఎక్కడికి పోయిందో ఈ దశలో మాట్లాడకండి. ఒక్కో పిల్లకు ఒకేసారి పది బంతులు మించి వద్దు, ఎడమభుజానికి అలవాటు లేదు, త్వరగా అలిసిపోతుంది.

ఇంతవరకు చెప్పింది చేతి పని. ఎడమచేతికి ఇంత ఓపిక ఎందుకు అంటే, బడిలో ఈ ఆట నిలబడేది దీనివల్లే.

పెద్దగా ఎవరికీ తెలియని ఆటను బడిలో పెట్టగానే ఎవరొస్తారు? మొదటి వారం అందరూ వస్తారు. రెండో వారానికి ఇతర జట్లలో ఉన్న చురుకైన పిల్లలు గోడను ఆక్రమించేస్తారు. వాళ్ల కుడిచేతి దెబ్బ ముందు మిగతావాళ్లు నిలవలేక పక్కకు తప్పుకుంటారు. తర్వాత పెద్ద ఆటల సీజన్ రాగానే ఈ చురుకైన పిల్లలూ వెళ్లిపోతారు. మీకు గోడ ఒక్కటే మిగులుతుంది. నిజానికి మనకు కావలసినవాళ్లు ఆ పక్కకు తప్పుకున్నవాళ్లు. వాళ్లకు పోవడానికి వేరే జట్టు లేదు, మీరు నిలబెట్టుకుంటే ఏళ్ల తరబడి ఆడతారు. ఎడమచేతి దగ్గర జట్టు కెప్టెన్ అయినా, ఎప్పుడూ ఏ జట్టుకూ ఎంపిక కాని పిల్ల అయినా ఒకే గీత మీద నిలబడతారు, ఇద్దరికీ సున్నానే. పైగా బలం మీద ఆధారపడే అలవాటు లేనివాళ్లు కాళ్ల పని త్వరగా పట్టుకుంటారు. మూడు వారాల్లో ఆ పిల్ల కెప్టెన్‌కు ఎడమవైపు బంతి వేసి పాయింటు తీస్తే, ఇక ఆమెను గోడ దగ్గరినుంచి పంపడం కష్టం.

అందుకే ఈ పాఠం నడుస్తున్నంతకాలం లెక్క మార్చండి. మామూలు ఆటలో 21 పాయింట్లు ముందుగా చేసినవాళ్లు గెలుస్తారు. ఇప్పుడు 11 చాలు. ఎడమచేత్తో గెలిచిన పాయింటుకు రెండు ఇవ్వండి. ఎడమవైపు వచ్చిన బంతిని చుట్టూ పరిగెత్తి కుడిచేత్తో కొడితే పాయింటు అవతలివాళ్లకు. ఈ రెండో నిబంధన మీద గొడవలు వస్తాయి, అది ఏ వైపు బంతో తేల్చమంటారు. కోర్టు మధ్యలో గోడనుంచి వెనక గీతదాకా ఒక నిలువు గీత గీస్తే గొడవ చాలావరకు తగ్గుతుంది.

వరుసలో నిలబెట్టడం గురించి కూడా చెప్పాలి. గెలిచినవాడు ఉంటాడు, ఓడినవాడు వరుస చివరికి పోతాడు అనే పద్ధతి అన్ని మైదానాల్లోనూ ఉంది. బడిలో దాన్ని మానేయండి. దానివల్ల బాగా ఆడేవాడు అరగంట ఆడతాడు, ఎక్కువ ఆడాల్సినవాడు అరగంట నిలబడతాడు. ప్రతి పాయింటుకూ ఇద్దరూ బయటికి, తర్వాతి ఇద్దరు లోపలికి రావాలి. 30 మంది పిల్లలకు ఒకే గోడ ఉంటే, కొలతలు పట్టుకుని వేలాడకండి. అసలు కోర్టు వెడల్పు 20 అడుగులు, పొడవు 34 అడుగులు, గోడ ఎత్తు 16 అడుగులు. ఎడమచేతి సాధనకు అందులో నాలుగోవంతు వెడల్పు ఒక జతకు సరిపోతుంది. పొడవాటి గోడ ఉంటే సుద్దతో గదులుగా విడదీయండి, గదికి ఇద్దరు ఆడతారు, ఇద్దరు బంతులు ఏరతారు. ఒకటే జాగ్రత్త: పక్క గదివాడి చెయ్యి తగలకుండా గదుల మధ్య రెండడుగుల ఖాళీ వదలండి. కిటికీలు, నీటి గొట్టాలు ఉన్న భాగం జోలికి పోవద్దు. ఒక్క అద్దం పగిలితే హెడ్మాస్టరు గారి దగ్గర ఆట పని అయిపోయినట్టే.

గోడ ఎంత మామూలుదైతే అంత మంచిది అంటాను నేను. ఇంగ్లండ్‌లో ఫైవ్స్ చూడండి. ఈటన్ ఫైవ్స్, రగ్బీ ఫైవ్స్ అని ఆ ఆటలకు బడుల పేర్లే ఉన్నాయి, వాటిని తరాలుగా మోసింది బడులే. కానీ ఈటన్ ఫైవ్స్ కోర్టు అంటే ఈటన్ కాలేజీ చాపెల్ (ప్రార్థనా మందిరం) గోడ పక్కన ఉన్న బట్రెస్ (గోడకు ఆసరాగా కట్టిన దిమ్మె), మెట్టు, అంచులతో సహా నకలు చేసి కట్టాలి. అలాంటి కోర్టు ఉన్న బడిలోనే ఆ ఆట ఉంటుంది, పక్క బడికి పోదు. ఐర్లండ్‌లో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ (అక్కడి సంప్రదాయ ఆటల సంఘం) 1884లో పుట్టినప్పటినుంచీ హ్యాండ్‌బాల్ దాని ఆటల్లో ఒకటి. అక్కడా నాలుగు గోడల కోర్టులు కట్టడం, నిలబెట్టుకోవడం ఖర్చుతో కూడిన పని. న్యూయార్క్‌లో ఒంటిగోడ ఆట వీధి పిల్లల దాకా పోయిందంటే పార్కుల్లో నిలబెట్టిన కాంక్రీటు గోడ తప్ప ఇంకేం అడగకపోవడమే కారణం. మీ బడిలో కోర్టు కట్టించమని అర్జీలు పెట్టేముందు, పక్క బడి టీచర్ వచ్చి చూసి 'ఇది మా దగ్గరా కుదురుతుంది' అనుకునేలా ఉందా అని ఆలోచించండి.

పెద్ద తరగతి పిల్లల్లో ఇద్దరిని ఇప్పుడే ఎంచుకోండి. బాగా ఆడేవాళ్లను కాదు, చిన్నపిల్లలను విసుక్కోనివాళ్లను. బంతి వేసి, పాదాలు చూసే పని వాళ్లకు అప్పగించండి. మీకు బదిలీ అయితే గోడ దగ్గర ఎవరో ఒకరు మిగలాలి కదా.

వచ్చే పాఠంలోపు చేయాల్సినవి: మీరే ఎడమచేత్తో వరుసగా 20 బంతులు కొట్టగలిగేదాకా సాధన చేయండి, పిల్లల ముందే. ప్రతి పిల్ల పేరు పక్కన, ఎడమచేత్తో ఆగకుండా ఎన్ని కొట్టిందో వారానికి ఒకసారి రాయండి. ఆ పట్టీ గోడకు అంటించకండి, మీ దగ్గరే ఉంచుకుని ఎవరిది వాళ్లకే చూపించండి. అయిదో పాఠంలో ఇద్దరు ఒకరికొకరు అడ్డం వచ్చినప్పుడు పాయింటు ఎవరిది, మళ్లీ ఎప్పుడు ఆడించాలి అన్నది చూద్దాం. దానికి ఆ పట్టీతో పని ఉంది, సమ ఉజ్జీలను జత కట్టాలి.