సిండోపా వేసుకున్నా పని చేయట్లేదా? డోసు పెంచమనే ముందు ఇవి చూసుకోండి

వణుకు, ఒళ్లు బిగుసుకుపోవడం తెచ్చే పార్కిన్సన్స్ జబ్బుకి వాడే సిండోపా, టిడోమెట్ లాంటి బిళ్లల్లో ఉండేవి రెండు మందులు, లెవోడోపా, కార్బిడోపా. ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయేది డోపమిన్, కదలికల్ని నడిపే రసాయనం. దాన్నే మింగితే మెదడులోకి చేరదు, లెవోడోపా చేరుతుంది, అక్కడికెళ్లాక డోపమిన్‌గా మారుతుంది. దారిలోనే మారిపోయి వాంతులు తెప్పించకుండా ఆపేది కార్బిడోపా. స్ట్రిప్ మీద 275 అంటే 250 మి.గ్రా. లెవోడోపా, 25 కార్బిడోపా. 110 అంటే 100, 10. షాపులో ఉత్త "సిండోపా" అని అడిగి తెచ్చుకోకండి, అంకె చూసుకోండి.

మా నాన్నకి ఈ మందు మొదలుపెట్టిన దగ్గర్నుంచి నాకు అర్థమైంది ఏంటంటే, "మందు పని చేయట్లేదు" అనేదాంట్లో చాలావరకు టైము తేడా, తిండి తేడా, లేదా ఇంకో మాత్ర చేసే పని.

బిళ్ల వేసుకుని గంట దాటినా ఒళ్లు వదలట్లేదు

ముందు ప్లేటు చూడండి. ప్రోటీన్ అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలూ లెవోడోపా, పేగులోనూ మెదడు గడప దగ్గరా ఒకే దారిలో లోపలికి వెళ్లాలి, కాబట్టి పెసరట్టు, గుడ్డు తిన్న వెంటనే బిళ్ల వేస్తే మందు క్యూలో వెనకపడుతుంది. ఇంకా ఘోరం ఏంటంటే మనవాళ్లు బిళ్లని పాలతో మింగిస్తారు, వేడి చేయకుండా ఉంటుందని. నీళ్లతోనే వేయండి, గ్లాసు నిండుగా. టిఫిన్‌కి అరగంట ముందు, లేదంటే తిన్న గంటా రెండు గంటల తర్వాత. ఖాళీ కడుపున వికారంగా ఉంటే రెండు బిస్కెట్లు తినిపించండి, చాలు. అలాగని పప్పు, కోడిగుడ్డు మొత్తం మానిపించకండి, ఈ జబ్బులో అసలే బరువు తగ్గుతారు. పగలు తగ్గించి రాత్రి భోజనంలో పెట్టొచ్చా అని డాక్టర్‌ని అడగండి.

తిండి సరిగ్గానే ఉంటే మలబద్ధకం సంగతి చూడండి. ఈ జబ్బులో కడుపు కదలికే మందగిస్తుంది, బిళ్ల కడుపులోనే కూర్చుంటే పేగుకి ఎప్పుడు చేరాలి? ఐరన్ మాత్ర వేస్తుంటే దానికీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి.

మొదట్లో మూడు పూటలా బాగుండేది, ఇప్పుడు తర్వాతి బిళ్ల టైముకి ముందే బిగుసుకుపోతున్నారు

దీన్ని డాక్టర్లు వేరింగ్ ఆఫ్ అంటారు. లెవోడోపా రక్తంలో సగానికి పడిపోవడానికి గంటన్నర చాలు. మొదటి సంవత్సరాల్లో మెదడు కాస్త డోపమిన్ దాచుకుని సర్దుకుంటుంది, జబ్బు ముదిరేకొద్దీ ఆ దాచుకునే కణాలే తగ్గిపోతాయి. డాక్టర్ గ్యాప్ తగ్గించొచ్చు, చిన్న డోసులు ఎక్కువసార్లు ఇవ్వొచ్చు, ఎంటకపోన్, రాసజిలిన్ లాంటివి జత చేయొచ్చు. మీరు చేయాల్సింది ఒక్కటే. కాగితం మీద బిళ్ల వేసిన టైము, ఒళ్లు వదిలిన టైము, మళ్లీ బిగుసుకున్న టైము మూడు నాలుగు రోజులు రాసి తీసుకెళ్లండి. "బాగుండట్లేదు సార్" అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? సిఆర్ అని ఉన్న బిళ్లయితే మింగలేకపోతున్నారని పొడి చేయకండి, మెల్లగా విడుదలవ్వాల్సింది ఒక్కసారే దిగుతుంది.

బిళ్ల వేసిన గంటకి ఒళ్లు వంకర్లు తిరుగుతోంది

ఇది వణుకు కాదు. వణుకు ఒకే లయలో, చెయ్యి ఖాళీగా ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఎక్కువ కనిపిస్తుంది. ఇది భుజం, మెడ, కాలు మెలికలు తిరిగినట్టు, ఊగినట్టు ఉంటుంది, మందు రక్తంలో బాగా ఎక్కినప్పుడు వస్తుంది. ఇంట్లోవాళ్లు వణుకు పెరిగిందనుకుని ఇంకో అర బిళ్ల వేస్తారు, మరింత ఎక్కువవుతుంది. ఫోన్‌లో వీడియో తీసి, బిళ్ల వేసి ఎంతసేపైందో ఆ వీడియోలోనే గట్టిగా చెప్పండి.

బాగానే ఉన్న మనిషి రోజుల్లోనే గబుక్కున దిగజారారు

కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టారు? గ్యాస్ క్యాప్సూల్ స్ట్రిప్ తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మన దగ్గర పాంటోప్రజోల్‌తోనో రాబెప్రజోల్‌తోనో లెవోసల్పిరైడ్ కలిపి తెగ రాస్తారు, అది డోపమిన్‌నే అడ్డుకుంటుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకిచ్చే సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ కూడా అంతే. అసలు పార్కిన్సన్స్ లేనివాళ్లకి కూడా ఇవి వణుకు, బిగుసుకుపోవడం తెప్పించగలవు. స్ట్రిప్ ఫోటో న్యూరాలజిస్ట్‌కి చూపించి, బదులు ఏది వాడొచ్చో అడగండి. వాంతులకి డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు కాబట్టి మేలు, గుండె సమస్య ఉంటే మాత్రం అడక్కుండా వాడొద్దు.

ఈ జబ్బుకి ఆయుర్వేదంలో వాడే దూలగొండి గింజల పొడి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ గింజల్లో లెవోడోపా సహజంగానే ఉంటుంది, ఉత్త మాట కాదు. అందుకే సిండోపాతో పాటు చెప్పకుండా వాడితే ఎంత మందు పడుతోందో ఎవరికీ తెలియదు.

మిగతావి

మూత్రం, చెమట ముదురు రంగులోకి మారితే కంగారు పడకండి, మందు రంగే. లేవగానే కళ్లు తిరుగుతుంటే బీపీ పడిపోతోందన్నమాట, మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి లేపండి, బీపీ మాత్రలు తగ్గించాలేమో అడగండి. లేని మనుషులు కనిపిస్తున్నారన్నా, ముఖ్యంగా ఈ జబ్బుకే ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అనే మందులు వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆన్‌లైన్ రమ్మీలో, షాపింగ్‌లో డబ్బు తగలేస్తున్నా అది వాళ్ల బుద్ధి మారడం కాదు, మందు వల్ల కావచ్చు. తిట్టకుండా డాక్టర్‌కి చెప్పండి.

స్టాకు అయిపోయింది, ఉపవాసం, ఆపరేషన్

ఒక్కసారిగా ఆపకూడదు. ఆపిన తర్వాత జ్వరం, కట్టెలా బిగుసుకుపోవడం, మాట తడబడి అయోమయం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఏకాదశైనా బిళ్ల, నీళ్లు మానకూడదు. ఆపరేషన్‌కి ఏమీ తినొద్దన్నప్పుడు బిళ్ల ఎప్పటిదాకా వేయొచ్చో మత్తు డాక్టర్‌నే అడిగి కేస్ షీట్‌లో రాయించండి, ఎందుకంటే వార్డులో మందులు వాళ్ల రౌండు టైముకి ఇస్తారు, మీ వాళ్ల టైముకి కాదు.