ఆక్వాపోరిన్ రిపోర్టర్‌ను ఎమ్మారైలో చూడటం ఎలా

శరీరం లోతున ఉన్న కణాల్లో జీఎఫ్‌పీ, అంటే పచ్చగా మెరిసే ప్రోటీన్, వెలుగు బయటికి కనబడదు. అక్కడ జన్యువు పనిచేస్తోందో లేదో ఎమ్మారైలో తెలియాలంటే మానవ ఆక్వాపోరిన్-1 మంచి రిపోర్టర్, అంటే జన్యువు పనిని బయటికి చూపే గుర్తు. కణపొరలో నీటిని దాటించే ప్రోటీన్ ఇది. ఇనుము నిల్వచేసే ప్రోటీన్ ఫెర్రిటిన్‌లాగా ఇనుము అడగదు, కాంట్రాస్ట్ మందూ అక్కర్లేదు. పొర దాటే నీరు పెరిగేసరికి ఏడీసీ, అంటే నీటి వ్యాపన గుణకం, పెరుగుతుంది. డిఫ్యూజన్ స్కాన్‌లో ఆ కణాలు నల్లబడతాయి. కాల్‌టెక్‌లో షపీరో బృందం 2016లో దీన్ని చూపించింది.

జన్యువు చిన్నది, 269 అమైనో ఆమ్లాలకు సరిపడా. జన్యువును కణంలోకి మోసే లెంటీవైరస్‌లో, డాక్సీసైక్లిన్ మందుతో తెరుచుకునే ప్రమోటర్ (జన్యువును నడిపే స్విచ్) కింద పెట్టి, వెనక జీఎఫ్‌పీ తగిలించండి. సీహెచ్‌ఓ (చైనీస్ హామ్‌స్టర్ అండాశయ) కణాల్లోకి ఎక్కించి, పచ్చగా మెరిసేవాటిని కణాలను వేరుచేసే సార్టర్ యంత్రంలో వేరుచేయండి. కంట్రోల్‌కు వైరస్ ఎక్కని కణాలు చాలవు; జీఎఫ్‌పీ ఒక్కటే ఉన్న వైరస్ ఎక్కించినవి కావాలి. స్కాన్‌కు 48 గంటల ముందు రెండింటికీ మి.లీ.కు 1 మైక్రోగ్రాము డాక్సీసైక్లిన్ ఇవ్వండి.

పని చెడేది ఎక్కువగా పెల్లెట్, అంటే తిప్పితే అడుగున చేరే కణాల ముద్ద, దగ్గరే. చచ్చిన కణం పొర కారుతుంది. స్కానర్‌కు అదీ ఆక్వాపోరిన్ కణమూ ఒకేలా ఉంటాయి. చచ్చిన కణాలకే అంటే రంగు ట్రైపాన్ బ్లూ లెక్కలో బతికినవి 95 శాతానికి తగ్గితే ఆ బ్యాచ్ వదిలేయండి. ఫార్మలిన్‌లో ఉంచిన కణాలూ వద్దు. 2 కోట్ల కణాలను పీబీఎస్ ఉప్పు ద్రావణంలో కడిగి, 0.2 మి.లీ. పీసీఆర్ ట్యూబుల్లో 500 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పండి. పెల్లెట్ వదులుగా ఉంటే కణాల మధ్య నీరే ఏడీసీని పెంచేస్తుంది, కాబట్టి ఆక్వాపోరిన్, కంట్రోల్ ట్యూబులు రెండింటినీ ఒకేసారి తిప్పాలి. బుడగలు లేకుండా పైన పీబీఎస్ నింపి, 1 శాతం అగరోజ్ దిమ్మలో నిలబెట్టండి. పక్కన ఒక నీళ్ల ట్యూబు తప్పనిసరి. గంట రెండు గంటల్లో స్కాన్ ముగించండి. ఆక్సిజన్ అందక కణాలు ఉబ్బుతాయి.

స్కానర్‌లో అసలు కీలకం డిఫ్యూజన్ కాలం, అంటే నీటి కదలికను కొలిచే వ్యవధి. కణం లోపలి నీరు 18 మిల్లీసెకన్లలో ఒక దిశలో సుమారు 6 మైక్రాన్లు కదులుతుంది, చాలా భాగం పొర దాకా చేరదు కూడా. 200 మిల్లీసెకన్లిస్తే 20 మైక్రాన్లు. పొర అడ్డుపడుతోందో లేదో అప్పుడు బయటపడుతుంది. అందుకే 200 నుంచి 400 మధ్య పెట్టండి. మామూలు స్పిన్ ఎకో స్కాన్ పద్ధతిలో ఈలోపు టీ2 క్షయంతో (త్వరగా తగ్గే రకం) సిగ్నల్ ఆరిపోతుంది. స్టిమ్యులేటెడ్ ఎకో పద్ధతి వాడితే సగం సిగ్నల్ పోయినా మిగిలింది నెమ్మదిగా తగ్గే టీ1 మీద నిలుస్తుంది. 7 టెస్లా యంత్రంలో గ్రేడియంట్ పల్స్ 7 మిల్లీసెకన్లు, బీ విలువలు (స్కాన్ నీటి కదలికకు ఎంత స్పందించాలో చెప్పే అంకెలు) 800 వరకు నాలుగైదు చాలు. అక్కర్లేని సిగ్నల్‌ను చెరిపే క్రషర్ గ్రేడియంట్లు కలిపే బీని లెక్కలో చేర్చండి.

సిగ్నల్ లాగరిథమ్‌ను బీకి ఎదురుగా గీస్తే వాలు ఏడీసీ ఇస్తుంది. పెల్లెట్ నడిమి పిక్సెళ్లే తీసుకోండి, అంచుల్లో పీబీఎస్ కలుస్తుంది. నీళ్ల ట్యూబు 20 డిగ్రీల దగ్గర సెకనుకు 0.002 చదరపు మి.మీ. చూపాలి. డిగ్రీకి 2 శాతం పైగా మారుతుంది కాబట్టి, తేడా వస్తే ముందు గ్రేడియంట్ వేడిని అనుమానించండి.

ఎలుక కణితిలోకి వెళ్తే కుళ్లిన భాగమూ ఏడీసీ పెంచుతుంది. అదే ఎలుకను డాక్సీసైక్లిన్‌కు ముందూ తర్వాతా స్కాన్ చేసి, జీఎఫ్‌పీ ఒక్కటే ఉన్న కణితిలో వచ్చిన మార్పుతో పోల్చండి.