బొమ్మ లేని చిత్రాన్ని చదవడం: చిత్రాలు కొనేవారికి పాఠాలు – 3

గత రెండు పాఠాల్లో మనుషులు, ఇళ్లు, చెట్లు కనిపించే చిత్రాలనే తీసుకున్నాం. అలాంటి చిత్రం ముందు నిలబడినప్పుడు కొనేవారికి ఒక ఆధారం ఉంటుంది. చెయ్యి చెయ్యిలా ఉందా, నీడ సరైన వైపు పడిందా అని చూసుకోవచ్చు. ఆబ్‌స్ట్రాక్ట్ అని అందరూ పిలిచే నైరూప్య చిత్రం దగ్గర ఆ ఆధారం పోతుంది. పోల్చి చూసుకోవడానికి బయట ఏ వస్తువూ ఉండదు. కొందరు ఇక్కడ ‘మనకు అర్థం కాదులే’ అని పక్క గోడకు వెళ్లిపోతారు. ఇంకొందరు అమ్మేవారి మాట మీదే కొనేస్తారు. రెండో పొరపాటు ఖరీదైనది, మొదటిదాని వల్ల జీవితాంతం కలిసి ఉండదగ్గ చిత్రాన్ని పోగొట్టుకోవచ్చు.

ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఒక్క నైపుణ్యం: కాన్వాస్ మీద చిత్రకారుడు తీసుకున్న నిర్ణయాలను కంటితో పట్టుకోవడం. ముందు కొంత చరిత్ర చెబుతాను. తొలి తరం వాళ్లు ఏ ప్రశ్నతో మొదలుపెట్టారో తెలిస్తే, ఇవాళ మీ ఎదురుగా ఉన్న చిత్రంలో ఏం వెతకాలో తెలుస్తుంది. అభ్యాసాలు మధ్యలోనే వస్తాయి. ఒక తెల్ల కాగితం, నైరూప్య చిత్రాల ముద్రణలు ఒకటి రెండు దగ్గర పెట్టుకోండి.

పక్కనున్న రంగు

1839లో ఫొటోగ్రఫీ లోకానికి పరిచయమైంది. పోలిక దించే పని కెమెరా తీసేసుకుంది కాబట్టి చిత్రకారులు బొమ్మను వదిలేశారని తరచూ అంటారు. అందులో నిజం ఉంది గానీ అదొక్కటే చాలదు. పాత పని ఎందుకు పోయిందో అది చెబుతుంది, కొత్త పని ఎక్కడ దొరికిందో చెప్పదు.

అదే 1839లో ఫ్రాన్స్‌లో మిషెల్ షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పుస్తకం ప్రచురించాడు. ఆయన పారిస్‌లోని గోబెలాఁ నేత కర్మాగారంలో అద్దకాల విభాగం చూసేవాడు. అక్కడి నల్ల రంగు పేలవంగా ఉంటోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ తేలలేదు. పక్కన నేసిన నీలం, ఊదా పోగుల వల్ల నలుపు కంటికి అలా కనిపిస్తోంది. ఒక రంగు తన పక్కనున్న రంగును చూసేవాడి కంట్లోనే మార్చేస్తుందని ఆయన పరీక్షలు చేసి నిరూపించాడు.

నా లెక్కలో నైరూప్య చిత్రకళకు ఇది కెమెరా కంటే దగ్గరి చుట్టం. ఆకుపచ్చ పక్కన ఎరుపు ఒకలా ఉంటుంది, నారింజ పక్కన అదే ఎరుపు ఇంకోలా ఉంటుంది. అంటే పండో పువ్వో లేకపోయినా రంగుల మధ్య ఏదో జరుగుతూనే ఉంటుంది. షెవ్రుల్ చెప్పింది చదువుకున్న రాబర్ట్ దెలొనే 1912లో వేసిన కిటికీల వరుస చూడండి. ఈఫిల్ టవర్ జాడ సన్నగా మిగిలింది, తక్కినదంతా ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకునే రంగుల పలకలే.

ఇప్పుడు మొదటి అభ్యాసం. తెల్ల కాగితం మధ్యలో వేలి గోరంత రంధ్రం చేయండి. దాన్ని ముద్రణ మీద పెట్టి ఒక్క రంగును మాత్రమే చూడండి. ఆ రంగు ఎలా ఉందో ఒక మాటలో రాసుకోండి. కాగితం తీసేసి మళ్లీ అదే చోటు చూడండి. చక్కగా కుదిరిన చిత్రంలో ఆ రంగు మారిపోతుంది. రంధ్రంలో బూడిదగా ఉన్నది బయట నీలంగా మెరవొచ్చు, మట్టి రంగు అనుకున్నది వెచ్చగా వెలగొచ్చు. ఐదారు చోట్ల చూసినా ఏ రంగులోనూ తేడా లేకపోతే, అవి ఒకే కాన్వాస్ మీద ఉన్నాయే తప్ప ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదని అర్థం. ధర అడగడానికి ముందే ఈ సంగతి తెలియాలి.

గడ్డివాము కనబడలేదు

రష్యన్ చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ మాస్కోలో న్యాయశాస్త్రం చదువుకున్నాడు. 1896లో అక్కడ జరిగిన ఫ్రెంచ్ చిత్రాల ప్రదర్శనలో క్లాద్ మోనే వేసిన గడ్డివాము చిత్రం ముందు ఆగిపోయాడు. అది గడ్డివామని అతనికి తెలియలేదు, కేటలాగ్ చూశాకే తెలిసింది. గుర్తుపట్టలేకపోయినందుకు ఇబ్బంది పడ్డాడు. అయినా ఆ చిత్రం మనసులోంచి పోలేదు. వస్తువు తెలియకుండానే చిత్రం మనిషిని పట్టుకోగలదన్న అనుమానం అతనిలో అక్కడే మొదలైంది. అదే ఏడాది న్యాయశాస్త్రం వదిలి చిత్రకళ నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లిపోయాడు.

మ్యూనిక్‌లో జరిగిన ఇంకో సంగతి 1913లో తనే రాశాడు. ఒకరోజు మునిమాపు వేళ స్టూడియోకి తిరిగొస్తే, లోపల వెలుగులు చిమ్ముతున్న ఒక అపురూపమైన చిత్రం కనిపించింది. అందులో ఏముందో తెలియలేదు. దగ్గరికి వెళ్తే అది తన చిత్రమే, గోడకు అడ్డంగా ఆనించి ఉంది. మర్నాడు పగటి వెలుతురులో ఎంత ప్రయత్నించినా ఆ అనుభవం తిరిగి రాలేదు, ఎందుకంటే అందులోని వస్తువులన్నీ ఇప్పుడు గుర్తుకొస్తున్నాయి. తన చిత్రాలకు వస్తువులే అడ్డమని అతను అప్పుడు తేల్చుకున్నాడు.

1911 జనవరిలో అర్నాల్డ్ షోన్‌బర్గ్ సంగీత కచేరీ విన్నాక వేసిన ‘ఇంప్రెషన్ 3’లో నల్ల పియానో ఒక పెద్ద మరకలా, హాలంతా పసుపు వరదలా మారింది. సంగీతం దేన్నీ అనుకరించకుండానే మనల్ని కదిలిస్తుంది, రంగు ఎందుకు కదిలించకూడదన్నది అతని ప్రశ్న.

ఇదంతా కాండిన్‌స్కీ ఒక్కడే కనిపెట్టాడని చాలాకాలం రాశారు. స్వీడన్‌లో హిల్మా ఆఫ్ క్లింట్ 1906 నుంచే బొమ్మలేని పెద్ద చిత్రాలు వేసింది. తను చనిపోయాక ఇరవై ఏళ్ల దాకా వాటిని చూపించొద్దని కోరింది. ఆమె 1944లో చనిపోయింది, లోకం ఆ చిత్రాలను గట్టిగా పట్టించుకోవడానికి 1986 దాకా పట్టింది. కాబట్టి ఎవరైనా ‘మొట్టమొదటి’ అనే మాట మీద ధర పెంచి చెబితే తొందరపడకండి.

రెండో అభ్యాసం కాండిన్‌స్కీ స్టూడియో నుంచే తీసుకుందాం. ముద్రణను పక్కకు తిప్పండి, తర్వాత తలకిందులు చేయండి. ప్రతిసారీ కన్ను మొదట ఎక్కడ వాలింది, అక్కడి నుంచి ఎటు పోయింది అన్నది గీత గీసి చూపించండి. మబ్బులా ఉంది, పక్షిలా ఉంది అని పోలికలు వెతికే అలవాటును ఇది కాసేపు ఆపుతుంది. బరువు ఎటు వాలిందో, ఏ మూల ఖాళీగా మిగిలిందో అప్పుడు తెలుస్తుంది.

తిప్పినా బాగుందంటే చిత్రం బలహీనమని మాత్రం తేల్చేయకండి. పీట్ మాండ్రియన్ 1941లో రంగు టేపులతో చేసిన ‘న్యూయార్క్ సిటీ 1’ 1980 నుంచి జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియంలో తలకిందులుగానే వేలాడుతూ వచ్చిందని 2022లో బయటపెట్టారు. టేపులు ఊడిపోతాయన్న భయంతో అలాగే ఉంచేశారు. ఈ అభ్యాసం మీ కన్నుకు శిక్షణే గానీ చిత్రానికి పరీక్ష కాదు.

నిర్ణయాలు ఎక్కడ దాక్కుంటాయి

మాండ్రియన్ అనగానే నల్ల గీతలు, ఎరుపు, పసుపు, నీలం గళ్లు గుర్తొస్తాయి. స్కేలు ఉంటే ఎవరైనా వేస్తారనిపిస్తుంది. కానీ అతను ఆ గీతలకు చెట్ల దారిన వచ్చాడు. 1908 ప్రాంతంలో మొదలైన ‘ఎర్ర చెట్టు’, 1911 నాటి ‘బూడిద చెట్టు’, 1912 నాటి పూసిన ఆపిల్ చెట్టు వరుసగా పెట్టి చూస్తే కొమ్మలు వంపులై, వంపులు గీతలై, చివరికి చెట్టు పేరులో మాత్రమే మిగలడం కనిపిస్తుంది. 1920ల్లో వేసిన అసలు కాన్వాస్ ముందు నిలబడే అవకాశం వస్తే తెలుపును చూడండి. ఒక గడిలో కుంచె అడ్డంగా నడిచింది, పక్క గడిలో నిలువుగా. కొన్ని నల్ల గీతలు అంచు దాకా వెళ్లకుండా కాస్త ముందే ఆగిపోతాయి. అంచు దాకా వెళ్తే గీత కాన్వాస్ బయటికి సాగుతున్నట్టుంటుంది, ఆగిపోతే లోపలే నిలబడుతుంది. ఆ కాస్త ఖాళీ వదలడానికి ఒక మనిషి ఆలోచించాడు. నిర్ణయం అంటే నేను చెబుతున్నది అదే.

కజిమీర్ మాలెవిచ్ ‘నల్ల చతురస్రం’ కూడా ఇలాంటిదే. 1915 డిసెంబర్‌లో పెట్రోగ్రాడ్ (ఇవాళ్టి సెయింట్ పీటర్స్‌బర్గ్) ప్రదర్శనలో దాన్ని గది పైమూలన, రష్యన్ ఇళ్లలో దేవుడి పటం ఉండే చోట తగిలించాడు. ఆ చోటు ఎంచుకోవడం చిత్రంలో భాగమే. దగ్గరికెళ్తే అది కచ్చితమైన చతురస్రం కాదు, చేత్తో గీసినది. పైపొర పగుళ్ల సందుల్లోంచి కింది రంగులు తొంగిచూస్తాయి. కింద మరో రెండు చిత్రాలున్నాయని 2015లో మాస్కో త్రెత్యకోవ్ గ్యాలరీ నిపుణులు తేల్చారు.

మరి పిల్లలు కూడా వేస్తారు కదా అనే ప్రశ్నకు ఒక మంచి ప్రయోగం ఉంది. అమెరికాలో 2011లో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు పేరున్న నైరూప్య చిత్రకారుల పనిని, పిల్లలూ జంతువులూ వేసిన చిత్రాలనూ జంటలుగా పెట్టి విద్యార్థులకు చూపించారు. కొన్ని జంటలకు పేర్లు తారుమారు చేశారు కూడా. అయినా విద్యార్థులు గుడ్డిగా ఎంచుకుంటే వచ్చేదానికంటే ఎక్కువసార్లు చిత్రకారుల పనినే మెరుగని ఎంచారు. చిత్రకారుల పనిని ఎంచుకున్నప్పుడు, వేసినవారి ఉద్దేశం గురించి ఎక్కువగా మాట్లాడారు. శిక్షణ లేని కన్ను కూడా నిర్ణయాన్ని పసిగడుతుందన్నమాట. మనం చేస్తున్నది ఆ శక్తికి పదును పెట్టడమే.

నిర్ణయాలను పట్టుకోవడానికి నాకు బాగా పనికొచ్చేది పొరల వరుస. రెండు రంగులు కలిసే అంచు దగ్గర ఆగండి. ఒకటి ఇంకొకదానిలోకి కలిసిపోయిందా? అయితే కింది రంగు తడిగా ఉండగానే పైది పడింది. అంచు తెగినట్టు స్పష్టంగా ఉందా? అయితే కింది పొర ఆరేదాకా ఆగి వేశారు. జాక్సన్ పొలాక్ 1947 నుంచి 1950 దాకా కాన్వాస్‌ను నేల మీద పరిచి ఇళ్లకు వేసే ఎనామిల్ రంగులు కూడా పోసినప్పుడు ఈ రెండు పద్ధతులూ వాడాడు. ‘నంబర్ 1ఎ, 1948’ పైభాగంలో కుడివైపున అతని అరచేతి ముద్రలు కూడా ఉంటాయి. ఇలా అంచులు చదువుతూ పోతే చిత్రం ఏ వరుసలో తయారైందో ఊహించవచ్చు. ఎక్కడ తొందరపడ్డారు, ఎక్కడ ఆగారు, వేసింది నచ్చక దేన్ని కప్పేశారు అన్నవి బయటపడతాయి. అంతటా ఒకే వేగం, ఒకే మందం ఉండి ఎక్కడా మనసు మార్చుకున్న గుర్తు లేకపోతే, గోడ నింపడానికి వేసిందేమోనని అనుమానించవచ్చు.

కొన్నవాళ్లు ఎందుకు కొన్నారు

అమెరికన్ సంపన్నుడు సాలొమన్ గుగెన్‌హైమ్ మొదట్లో పాత యూరప్ చిత్రాలు కొనేవాడు. తన రూపచిత్రం వేయడానికి వచ్చిన హిల్లా రెబే అనే చిత్రకారిణి అతని చూపు మార్చింది. 1930లో జర్మనీలోని దెసావు వెళ్లి కాండిన్‌స్కీని కలిశాడు. 1939లో న్యూయార్క్‌లో ఈ చిత్రాల కోసమే మ్యూజియం తెరిస్తే, రెబే వాటిని నేలకు దగ్గరగా తగిలించి, గదుల్లో శాస్త్రీయ సంగీతం వినిపించింది. నిలబడి చదివేసి పోవడానికి బదులు కూర్చుని ఉండిపోవాలని ఆమె ఆశ.

ఈ చిత్రాల ఆకర్షణ నాకు అక్కడే కనిపిస్తుంది. కథ చెప్పే చిత్రంలో కథ ఒకసారి తెలిసిపోతుంది. కథ లేనిదానిలో ‘అయిపోయింది’ అనే చోటు లేదు. ఉదయం వెలుతురులో వెనక్కి తగ్గిన రంగు సాయంత్రం ముందుకు వస్తుంది. మార్క్ రోత్కో పెద్ద కాన్వాసులు వేసింది గొప్ప కోసం కాదని, చూసేవారు దూరంగా నిలబడకుండా లోపల ఉన్నట్టు అనిపించడానికని చెప్పుకున్నాడు. ఫోన్ తెర మీద ఆ అనుభవం రాదు. అందుకే కొలతలు చూడకుండా, ఎదురుగా నిలబడకుండా నైరూప్య చిత్రం కొనడాన్ని నేను ఒప్పుకోను. సోఫా రంగుకు సరిపోయిందని కొనడాన్ని అసలే ఒప్పుకోను, సోఫా మారినా చిత్రం ఉంటుంది.

రంగే సర్వస్వమైన చోట రంగు పోతే ఏమీ మిగలదు. రోత్కో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం వేసిన చిత్రాలను 1964లో ఎండ పడే భోజనశాలలో పెట్టారు. వాటిలో వాడిన లిథాల్ రెడ్ అనే ఎరుపు రంగు వెలుతురుకు తట్టుకోదు. ముదురు ఎరుపులు వెలిసిపోయి 1979లో వాటిని దించేయాల్సి వచ్చింది. 2014లో కాన్వాస్ మీద లెక్కగట్టిన కాంతిని ప్రసరింపజేసి పాత రంగులు చూపించారు. మీరు కొనే చిత్రంలో ఏ రంగులు వాడారో, అవి వెలుతురుకు ఎంతవరకు నిలుస్తాయో చిత్రకారులనే అడగండి. శ్రద్ధగా పనిచేసేవారు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు.

పోయిన చిత్రకారుల పని కొనేటప్పుడు, ఆ చిత్రం ఎవరి చేతుల నుంచి ఎవరి చేతులకు వచ్చిందో కాగితాలతో సహా చూడాలి. న్యూయార్క్‌లోని నోడ్లర్ గ్యాలరీ 1846లో మొదలైంది. రోత్కో, పొలాక్ పేర్లతో అది అమ్మిన కొన్ని చిత్రాలు నకిలీవని తేలాయి, అవన్నీ అదే నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ఒకే మనిషి వేసినవి. గ్యాలరీ 2011లో మూతపడింది. పేరు చెప్పని ఒక సేకర్త దగ్గర నుంచి వచ్చాయన్న కథను అనుభవం ఉన్నవాళ్లూ నమ్మారు. ఒకదాని మీద పొలాక్ సంతకంలో అక్షరమే తగ్గింది. ఇంకోదానిలో అతని కాలానికి అమ్మకంలోకి రాని రంగు దొరికింది. కాబట్టి కన్నుకు పదును ఉన్నా కాగితాలు వదలకూడదు.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని ఇది. దగ్గర్లో అసలు నైరూప్య చిత్రం ఎక్కడుందో వెతికి దాని ముందు అరగంట ఉండండి. మొదటి పది నిమిషాలు పేరు, చిత్రకారుడి వివరాలు చదవకండి. కన్ను వాలిన దారి, రంగు మారిన చోట్లు, పొరల వరుస, మీకు దొరికిన నిర్ణయాలు నోట్సులో రాయండి. కనీసం మూడు నిర్ణయాలు దొరకాలి. దొరకకపోతే ఆ మాటే రాయండి, అది కూడా తీర్పే. నాలుగో పాఠంలో చిత్రాన్ని వెనక్కి తిప్పి కాన్వాస్ వీపు చూస్తాం: చెక్క చట్రం, మేకులు, అంటించిన చీటీలు, పాత గ్యాలరీల ముద్రలు.