ఒంటి మీద దురద, దద్దుర్లు: ట్యూబ్ కొనేముందు ఇది చూడండి

దురద మొదలవగానే మెడికల్ షాపుకెళ్లి "ఏదన్నా మంచి క్రీమ్ ఇవ్వండి" అనడం మన విజయవాడ, గుంటూరుల్లో చాలామందికి అలవాటు. చేతికొచ్చేది చాలాసార్లు స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబే. అందుకే ముందు ఒంటి మీదున్నది ఏంటో పోల్చుకోండి, మందు సంగతి తర్వాత.

గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా లేచి పొట్టు రాలుతూ, మధ్యలో కాస్త మామూలుగా ఉందా?

ఇది తామర, అంటే ఫంగస్. గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద, లంగా బొందు బిగించే నడుం దగ్గర, చెమట ఆరని చోటల్లా వస్తుంది. ఆ మూడు మందుల ట్యూబ్ రాస్తే రెండు రోజుల్లో ఎరుపు, దురద తగ్గుతాయి, కానీ తగ్గింది ఫంగస్ కాదు, దాంతో పోరాడే మన ఒంటి శక్తి. మానేయగానే రెట్టింపై తిరిగొస్తుంది, గుండ్రటి ఆకారం చెదిరిపోయి డాక్టరుకి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది, నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పల్చబడి చారలు పడతాయి, అవి ఇక పోవు. ట్యూబ్ మీద క్లోబెటాసాల్, బెటామెథాసోన్, మోమెటాసోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడే. స్టెరాయిడ్ అంటేనే విషం అనుకోకండి, ఎగ్జిమా లాంటివాటికి డాక్టరు చెప్పిన మోతాదులో అదే సరైన మందు. తామరకు మాత్రం వద్దు.

డాక్టరు ఇచ్చే ఫంగస్ మందుని మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి, మచ్చ పోయినా ఇంకో రెండు వారాలు ఆపకూడదు. ఇప్పుడు కొన్ని ఫంగస్‌లు టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకి లొంగట్లేదు, అందుకే పక్కింటివాళ్ల చీటీ చూసి బిళ్లలు కొనుక్కోవద్దు. తువ్వాలు, లోదుస్తులు విడిగా ఉతికి ఎండలో ఆరేయండి. మొలతాడు ఉంటే తీసేయండి, తడి మొలతాడులో ఫంగస్ దాక్కుంటుంది, ఎంత మందు రాసినా మళ్లీ వస్తుంటే ముందు అది చూడండి.

రాత్రి పడుకోగానే దురద ఎక్కువై, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటున్నారా?

గజ్జి అయ్యుండొచ్చు. వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ చూడండి. హాస్టల్లో చదివే పిల్లలు సెలవులకి వచ్చాక ఇంటిల్లిపాదికీ మొదలైందంటే అనుమానం ఇంకా బలం. దీన్ని చర్మంలోకి దూరే చిన్న పురుగు తెస్తుంది, సిగ్గుపడాల్సిన పనేం లేదు. డాక్టరు చీటీలో పర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ రాసిస్తే మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాత్రి పూసి, 8 నుంచి 14 గంటలయ్యాక కడిగి, వారం తర్వాత ఇంకోసారి పూయాలి. దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి, చాలా ఇళ్లల్లో మందు పనిచేయకపోయేది ఇక్కడే. పసిపిల్లలకు, గర్భిణులకు ఎలా వాడాలో అడగండి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి. మందు పూశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు, టెన్షన్ పడి రోజూ పూసేయకండి.

రోహిణి కార్తె ఎండల్లో మెడ, వీపు నిండా సన్నటి పొక్కులా?

చెమటకాయలు. చెమట బయటికొచ్చే దారులు మూసుకుపోవడం వల్ల వస్తాయి. చల్లటి నీళ్ల స్నానం, పల్చటి నూలు బట్టలు, కాలమైన్ లోషన్ చాలు. పౌడర్ దట్టంగా అద్దకండి.

దోమ కుట్టినట్టు ఉబ్బి, గంటల్లో మాయమై ఇంకోచోట లేస్తున్నాయా?

ఇవి అసలు దద్దుర్లు, ఎలర్జీవి. కొత్తగా వాడిన మందు, తిన్న తిండి గుర్తు చేసుకోండి. సెట్రిజిన్ లాంటి బిళ్లతో తగ్గుతాయి, మత్తు రావచ్చు కాబట్టి వేసుకుని బండి నడపొద్దు.

మిర్చి యార్డులో పనిచేశాకో, ఇంట్లో కారం పట్టాకో చేతులు మండుతున్నాయా?

మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. ముందు వంటనూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. ఆ చేతులు కళ్లకు పెట్టొద్దు.

నడుముకో, ఛాతీకో ఒక్క పక్కే పట్టీలా నీటి పొక్కులు, లోపల పోటు ఉంటే అది సర్పి. పసర్లు రాస్తూ కూర్చోకుండా పొక్కులు లేచిన 72 గంటల్లోపు డాక్టరు దగ్గరికెళ్లండి, మందు అప్పుడే బాగా పనిచేస్తుంది.

దద్దుర్లతో పాటు పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. కొత్త బిళ్ల వేసుకున్నాక నోట్లో పుండ్లు, చర్మం ఊడటం మొదలైనా, జ్వరంతో పాటు నొక్కినా రంగు పోని ఎర్ర చుక్కలు కనిపించినా తెల్లారే దాకా ఆగొద్దు, అత్యవసర విభాగానికి వెళ్లిపోండి.

మిగతావాటికి గుంటూరు జీజీహెచ్‌లో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకెళ్లండి, వచ్చి పోయే దద్దుర్లయితే ఫోన్లో ఫొటోలు తీసి ఉంచండి.